భిలాయ్: నది లేని చోట ఉక్కు నగరం ఎలా పుట్టింది?

"పరిశ్రమల స్థానీకరణకు కారణాలు" అనే అంశం సివిల్స్ మెయిన్స్ జీఎస్-1 సిలబస్‌లో ఉంది. మన గ్రూప్-1 అభ్యర్థులకూ కొత్త కాదు. ప్రశ్న రాగానే ముడిసరుకు, నీరు, విద్యుత్తు, రవాణా, కూలీలు, మార్కెట్ అని ఆరు పాయింట్లు వరసగా రాసేస్తాం. పక్కన కూర్చున్న వేలాది మంది కూడా అవే ఆరు రాస్తారు. మన జవాబు ప్రత్యేకంగా కనిపించాలంటే ఒక నగరాన్నైనా పునాదుల నుంచి తెలుసుకుని ఉండాలి. ఆ నగరం ఆ చోటే ఎందుకు పుట్టింది, ఎవరి భూమి మీద పుట్టింది, దాన్ని నిలబెట్టిన అనుకూలతలు ఇప్పటికీ ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలగాలి.

ఈ వ్యాసం కోసం భిలాయ్‌ని తీసుకున్నాను. ఇది రాస్తున్నదీ భిలాయ్ నుంచే. పోలికకు చైనాలోని వుహాన్‌ని పక్కన పెడుతున్నాను. రెండూ ఉక్కు నగరాలే, రెండింటికీ సోవియట్ సాయం అందింది, రెండింటి కొలుములూ కొద్ది నెలల తేడాతో వెలిగాయి. అయితే ఒకటి మహానది ఒడ్డున ఉన్న రేవు పట్టణం, రెండోది సముద్రానికి వందల కిలోమీటర్ల లోపల ఉన్న వరి పొలాల మైదానం. ఈ తేడా అర్థమైతే స్థానీకరణ పాఠం సగం అర్థమైనట్టే.

ముందుగా వుహాన్: నది ఇచ్చిన నగరం

యాంగ్జీ నదిలో హాన్ నది కలిసే చోట వుహాన్ ఉంది. నిజానికి అవి మూడు ఊళ్లు: వుచాంగ్, హాంకౌ, హాన్‌యాంగ్. సంగమం దగ్గర మూడు ఒడ్డుల మీద విడివిడిగా పెరిగి చివరకు ఒక్కటయ్యాయి. షాంఘై నుంచి నది వెంబడి వెయ్యి కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చినా, వర్షాకాలంలో పెద్ద ఓడలు ఇక్కడి దాకా రాగలవు. సముద్రం లేని లోతట్టు ప్రాంతానికి ఇది దాదాపు సముద్రం ఉన్నంత వరం.

రెండో నల్లమందు యుద్ధ కాలంలో, 1858లో కుదిరిన టియాంజిన్ సంధి ఫలితంగా హాంకౌ 1861లో విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది. తేయాకు వ్యాపారంతో ఊరు పెరిగింది. 1890లో గవర్నర్ జనరల్ ఝాంగ్ ఝిడోంగ్ హాన్‌యాంగ్‌లో ఇనుప కర్మాగారం మొదలుపెట్టాడు. ఆసియాలోని తొలి ఆధునిక ఉక్కు కర్మాగారాల్లో అదొకటి. ఖనిజం దాయే గనుల నుంచి నదిమీద వచ్చేది. బొగ్గు మాత్రం దగ్గర్లో లేదు, కోక్‌ను దూరం నుంచి, కొంతకాలం విదేశాల నుంచి కూడా తెచ్చుకున్నారు. మొదట కొన్న యంత్రాలు దాయే ఖనిజంలోని భాస్వరానికి సరిపడలేదు. తర్వాత పింగ్‌షియాంగ్ బొగ్గు దొరికి, 1908లో గనులు, కర్మాగారం ఒకే కంపెనీగా కలిసినా అప్పుల భారం తగ్గలేదు. 1920ల నాటికి హాన్‌యాంగ్ కొలుములు ఆరిపోయాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. నది ఉన్నంత మాత్రాన ఉక్కు రాదు. నది సరుకును తెస్తుంది, తీసుకుపోతుంది. బొగ్గు, పెట్టుబడి, సరైన సాంకేతికత కలిసిరాకపోతే మంచి రేవు కూడా కర్మాగారాన్ని కాపాడలేదు. అదే వుహాన్‌లో 1950ల్లో సోవియట్ సాయంతో కొత్త ఉక్కు కర్మాగారం కట్టారు. 1957లో యాంగ్జీ మీద వంతెన పూర్తయింది. 1958 సెప్టెంబరులో కొత్త కొలుము నుంచి తొలి ఇనుము వచ్చింది. ఈసారి నది, రైలు, రాజ్య పెట్టుబడి మూడూ ఒకచోట కలిశాయి.

భిలాయ్ ఎక్కడుంది?

ఇప్పుడు పటంలో ఛత్తీస్‌గఢ్ చూడండి. ఉత్తర, వాయవ్య దిక్కుల్లో మైకాల్ కొండలు, దక్షిణాన బస్తర్ పీఠభూమి. మధ్యలో పళ్లెంలా ఛత్తీస్‌గఢ్ మైదానం. ఇది మహానది పరీవాహక ప్రాంతపు పై భాగం. వరికి ప్రసిద్ధి. ఈ మైదానంలో రాయ్‌పూర్‌కు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, దుర్గ్ పట్టణాన్ని ఆనుకుని భిలాయ్ ఉంది. పడమట శివనాథ్ నది, తూర్పున ఖారూన్ నది ప్రవహిస్తాయి. రెండూ మహానది వ్యవస్థకు చెందినవే. రెండూ వర్షాధార నదులే కాబట్టి వేసవిలో పడవలు నడిచే మాట లేదు.

మైదానం కింద ఉన్న సున్నపురాయి, షేల్ పొరలను పాత భూగోళ గ్రంథాలు "కడప శిలా వ్యవస్థ"లో చేర్చాయి. అవును, మన కడప పేరే. సున్నపురాయి ఇక్కడ సమృద్ధిగా దొరకడానికి, భిలాయ్ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు రావడానికి కారణం అదే. దక్షిణాన దల్లీ రాజ్‌హరా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని అంతకన్నా పాతదైన ధార్వార్ వ్యవస్థ కింద చదువుకుంటాం. ఒక్క భిలాయ్ ఉదాహరణతో రెండు శిలా వ్యవస్థల ఆర్థిక ప్రాముఖ్యాన్ని వివరించవచ్చు. ప్రిలిమ్స్‌కు కూడా పనికొచ్చే ముక్క ఇది.

టాటాలు చూసి వదిలేసిన కొండ

భిలాయ్ కథ 1955లో మొదలైందని చాలామంది రాస్తారు. యాభై ఏళ్లు వెనక్కి వెళ్లండి. 1900ల తొలి ఏళ్లలో జంషెట్‌జీ టాటా ఉక్కు కర్మాగారం కోసం సెంట్రల్ ప్రావిన్సెస్ అంతటా ఖనిజాన్ని వెతికించారు. ఆయన కుమారుడు దొరాబ్జీ, అమెరికన్ నిపుణుడు సి.ఎం. వెల్డ్ ఆ పనిలో తిరిగారు. దుర్గ్ ప్రాంతంలో ఇనుము ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ గుర్తించి ఉన్నారు. ఆ ఆధారంతో వెల్డ్ బృందం దల్లీ, రాజ్‌హరా కొండలకు చేరింది. ఖనిజం గొప్పగా ఉంది. దగ్గర్లో కోకింగ్ బొగ్గు లేదు, కర్మాగారానికి సరిపడా నీరూ లేదు.

1904లో బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని ఖనిజం గురించి టాటాలకు ఉత్తరం రాశారు. అది ఝరియా బొగ్గుకు దగ్గర. చివరకు సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం దగ్గర సాక్చి అనే గ్రామాన్ని ఎంచుకున్నారు. 1907లో కంపెనీ ఏర్పడింది, 1912లో ఉక్కు వచ్చింది. సాక్చి జంషెడ్‌పూర్ అయింది.

దీన్ని స్థానీకరణ సిద్ధాంతం దృష్టితో చూడండి. జర్మన్ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో చెప్పిన "బరువు కోల్పోయే ముడిసరుకు" సూత్రం ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. టన్ను ఉక్కుకు సుమారు టన్నున్నర ఇనుప ఖనిజం, ముప్పావు టన్నుకు పైగా కోకింగ్ బొగ్గు, కొంత సున్నపురాయి కావాలి. తయారైన సరుకు కన్నా ముడిసరుకే బరువు కనుక, లాభం చూసుకునే ప్రైవేటు కంపెనీ రవాణా ఖర్చు తక్కువున్న చోటునే ఎంచుకుంటుంది. టాటాలు అదే చేశారు. ఆ లెక్కలో దల్లీ రాజ్‌హరా ఓడిపోయింది.

మరి యాభై ఏళ్ల తర్వాత అదే కొండ ఎలా గెలిచింది? కొండ మారలేదు. మారినవి రెండు. ఒకటి రవాణా. రెండోది లెక్క వేసేవారు.

యాంగ్జీ చేసిన పని రైలు చేసింది

1870ల చివరి కరువు తర్వాత ఛత్తీస్‌గఢ్ ధాన్యాన్ని బయటికి తరలించే అవసరం బ్రిటిష్ ప్రభుత్వానికి కనిపించింది. 1880ల మొదట్లో నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా చిన్న పట్టాల రైలు వేశారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దాన్ని తీసుకుని బ్రాడ్‌గేజ్‌గా మార్చింది, తూర్పుకు పొడిగించింది. 1900 నాటికి హౌరా, నాగ్‌పూర్, బొంబాయి ఒకే దారిలోకి వచ్చాయి. దుర్గ్ ఆ ప్రధాన మార్గం మీద పడింది. బియ్యం కోసం వేసిన దారి తర్వాత ఉక్కుకు దారి అయింది.

మన తెలుగువారికి ఇంకా ముఖ్యమైనది రెండో మార్గం. రాయ్‌పూర్ నుంచి పార్వతీపురం మీదుగా విజయనగరం వచ్చే రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైంది. ఈ రెండు తేదీలను కలిపి చదవండి. సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసును, ధాన్యాన్ని సముద్రానికి చేర్చడానికే ఆ రేవు, ఆ రైలు. దాంతో సముద్రం లేని ఛత్తీస్‌గఢ్‌కు విశాఖ సొంత రేవులాంటిదైంది. ఇప్పుడు భిలాయ్‌కి కావలసిన విదేశీ కోకింగ్ బొగ్గు ప్రధానంగా వచ్చేదీ విశాఖ తీరం నుంచే.

వుహాన్‌కి యాంగ్జీ ఏ పని చేసిందో భిలాయ్‌కి ఈ రెండు రైలు మార్గాలు ఆ పని చేశాయి. తేడా ఒక్కటుంది. నది ప్రకృతి ఇచ్చినది. రైలు మార్గం ఒక ప్రభుత్వం తన అవసరం కోసం వేసినది. కాబట్టి భిలాయ్ "భౌగోళిక అనుకూలత"లో చాలా భాగం చరిత్ర చేసి పెట్టినదే.

1955 ఒప్పందం: లెక్క వేసేవారు మారారు

స్వాతంత్ర్యం వచ్చాక ఉక్కు అంటే కేవలం సరుకు కాదు, స్వయం సమృద్ధికి పునాది. రెండో పంచవర్ష ప్రణాళిక (1956–61) మహలనోబిస్ నమూనాలో భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసింది. ఒక్కొక్కటి పది లక్షల టన్నుల సామర్థ్యంతో మూడు ప్రభుత్వ ఉక్కు కర్మాగారాలు వచ్చాయి. రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయ్‌కి సోవియట్ యూనియన్ తోడ్పడ్డాయి. ఒకే కాలంలో ప్రచ్ఛన్న యుద్ధపు రెండు వైపుల నుంచీ సాయం తీసుకోవడం అలీన విధానానికి ఆర్థిక ఉదాహరణ. విదేశాంగ విధానం మీద ప్రశ్న వచ్చినా ఇది వాడుకోవచ్చు.

భిలాయ్ ఒప్పందం మీద 1955 ఫిబ్రవరి 2న సంతకాలయ్యాయి. సోవియట్ రుణానికి వడ్డీ 2.5 శాతం, తీర్చే గడువు 12 ఏళ్లు. పాశ్చాత్య షరతులతో పోలిస్తే ఇది తేలిక. భారత ఇంజినీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి శిక్షణ పొందారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వుహాన్ కొలుము వెలిగిన అయిదు నెలలకు భిలాయ్ కొలుము వెలిగింది.

తర్వాత దారులు వేరయ్యాయి. 1960లో సోవియట్ యూనియన్ చైనా నుంచి తన నిపుణులను వెనక్కి పిలిపించుకుంది. భారత్‌తో మాత్రం సహకారం సాగింది. భిలాయ్ సామర్థ్యం 1967లో 25 లక్షల టన్నులకు, 1988లో 40 లక్షల టన్నులకు పెరిగింది. ఇప్పటికీ ఊళ్లోని పెద్ద ఉద్యానం పేరు మైత్రీబాగ్. ఆ మైత్రి సోవియట్ స్నేహమే.

స్థలం ఎంపికలో లాభం లెక్కతో పాటు వెనకబడిన ప్రాంతం అభివృద్ధి కావాలన్న లెక్క కూడా చేరింది. సంతులిత ప్రాంతీయాభివృద్ధి అనే మాటకు భిలాయ్ తొలి పెద్ద పరీక్ష. ఆ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయన్నది కింద చూద్దాం.

ముడిసరుకుల పటం

జవాబులో చిన్న పటం గీస్తే ఈ వివరాలు చాలు.

ఇనుప ఖనిజం: దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో దల్లీ రాజ్‌హరా. ప్రత్యేక రైలు మార్గం.
సున్నపురాయి: ఉత్తరాన దాదాపు 25 కిలోమీటర్లలో నందినీ గనులు.
డోలమైట్: బిలాస్‌పూర్ వైపు హిర్రీ.
కోకింగ్ బొగ్గు: ఝరియా, బొకారో క్షేత్రాలు. తర్వాత విశాఖ మీదుగా దిగుమతులు.
విద్యుత్తు: కోర్బా.
నీరు: తాందులా జలాశయ వ్యవస్థ. తర్వాతి కాలంలో మహానది మీద గంగ్రేల్ కూడా తోడైంది.

ఖనిజం, సున్నపురాయి వాకిట్లో ఉన్నాయి. బొగ్గు దూరం. 1904లో భిలాయ్ ప్రాంతాన్ని ఓడించిన లోపం పోలేదు. రైలు దాన్ని భరించగలిగేలా చేసింది, అంతే.

తయారయ్యే సరుకులోనూ ఈ బంధం కనిపిస్తుంది. భిలాయ్ ప్రధానంగా రైలు పట్టాలు, బరువైన ప్లేట్లు, నిర్మాణ ఉక్కు తయారు చేస్తుంది. 1960 నుంచి భారతీయ రైల్వేలకు పట్టాలు ఇస్తోంది. ఇప్పుడు 260 మీటర్ల పొడవైన ప్యానెళ్లుగా కూడా పంపుతోంది. రైలు వల్ల పుట్టిన నగరం దేశం మొత్తానికి రైలు పట్టాలు పోస్తోంది.

భూమి ఎవరిది? నీరు ఎవరిది?

ఇక్కడి దాకా చాలామంది రాస్తారు. మంచి జవాబు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ప్లాంటు, టౌన్‌షిప్ కోసం తొంభైకి పైగా గ్రామాల భూములు తీసుకున్నారు. అవి వరి పొలాలు. పరిహారంగా డబ్బు వచ్చింది, ఉద్యోగాల మాటా వచ్చింది. అయితే మొదటి దశలో పల్లెవాళ్లు కర్మాగారంలోకి పోవడానికి జంకారు. ఇంత పెద్ద నిర్మాణం నిలబడాలంటే నరబలి ఇస్తారన్న పుకార్లు ఊళ్లలో నడిచాయని మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ నమోదు చేశారు. వాటిని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. తమకు అర్థం కాని వేగంతో తమ భూమి పోతున్నప్పుడు జనం తమ భయాన్ని చెప్పుకున్న భాష అది. నిర్మాణంలో ప్రాణాలు పోవడం కూడా కల్పన కాదు.

వాళ్లు తేరుకునేసరికి దేశం నలుమూలల నుంచీ వచ్చినవారు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. బిహార్, పంజాబ్, బెంగాల్, కేరళ, ఆంధ్ర, అందరూ వచ్చారు. భిలాయ్‌ని "మినీ భారత్" అని గర్వంగా పిలుస్తారు. ఆ గర్వం పక్కనే భూమి ఇచ్చిన ఛత్తీస్‌గఢీల వెలితి కూడా ఉంది. "స్థానికులకు ఉద్యోగాలు" అనే నినాదం ప్రత్యేక రాష్ట్ర భావనకు బలమిచ్చింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది.

నీటి సంగతీ ఇలాంటిదే. తాందులా ఆనకట్ట 1920ల నాటిది. కరువుల తర్వాత పొలాలకు నీరివ్వడానికి కట్టారు. తర్వాత ప్లాంటు అవసరాలు కూడా దాని మీదే పడ్డాయి. ఒకే జలాశయం మీద వరి, ఉక్కు రెండూ ఆధారపడితే వానలు తగ్గిన ఏడు ఎవరి వాటా ముందు తగ్గాలి? ఈ ప్రశ్న దుర్గ్ జిల్లాలో 1990ల చివర మరో రూపంలో వచ్చింది. బోరాయి పారిశ్రామిక వాడకు నీరిచ్చే పేరుతో శివనాథ్ నదిలో 23 కిలోమీటర్లకు పైగా భాగాన్ని ఒక ప్రైవేటు సంస్థ అజమాయిషీకి అప్పగించారు. ఒడ్డున చేపలు పట్టుకునేవారు, రైతులు అభ్యంతరపెట్టారు. భారత్‌లో నీటి ప్రైవేటీకరణ చర్చ వస్తే తప్పక చెప్పే ఉదాహరణ ఇది.

ఒక ఊళ్లో రెండు ఊళ్లు

భిలాయ్ టౌన్‌షిప్ సెక్టార్లుగా ఉంటుంది. వెడల్పాటి రోడ్లు, చెట్లు, బడి, ఆసుపత్రి, క్వార్టర్లు. ప్లాంటులో శాశ్వత ఉద్యోగమంటే జీతంతో పాటు ఇవన్నీ. రైలు పట్టాలు దాటితే క్యాంపు, ఖుర్సీపార్, సుపేలా లాంటి బస్తీలు. నిర్మాణ కూలీలు, కాంట్రాక్టు కార్మికులు, చిన్న వ్యాపారులు ఉండేది అక్కడ.

తెలుగువారు రెండు వైపులా ఉన్నారు. రాయ్‌పూర్–విజయనగరం రైలు దారే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారికి భిలాయ్ దారి అయింది. కొందరు చదువుకుని ప్లాంటులో చేరి సెక్టార్ల వైపు వచ్చారు, గుళ్లు, సమాజాలు ఏర్పరచుకున్నారు. ఇంకా చాలామంది తట్ట, పార పట్టి నిర్మాణ పనుల్లోకి దిగి బస్తీల్లో స్థిరపడ్డారు. వాళ్ల మనవలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ మాట్లాడతారు. వలస మీద ప్రశ్న వస్తే గల్ఫ్ ఒక్కటే రాయకండి. ఉత్తరాంధ్ర నుంచి భిలాయ్‌కి జరిగిన వలస కూడా రాయండి.

ప్యారీ తన పరిశోధనలో ఇక్కడి జనం వాడే రెండు మాటలను పట్టుకున్నారు. భద్రత ఉన్న ఉద్యోగం "నౌకరీ", ఏ రోజుకారోజు దొరికేది "కామ్". రెండిట్లోనూ చెమట ఒకటే. తేడా అంతా రేపటి గురించిన భరోసాలో ఉంది. మన పోటీ పరీక్షల వెనక ఉన్నదీ ఈ తేడాయేనని మీకు వేరే చెప్పనక్కరలేదు.

1980ల చివర్లో, గనులతో కలిపి, భిలాయ్ ప్లాంటులో 60 వేలకు పైగా శాశ్వత ఉద్యోగులుండేవారు. ఆ తర్వాత ఉత్పత్తి సామర్థ్యం పెరిగింది కానీ శాశ్వత ఉద్యోగుల సంఖ్య సగానికి చాలా దిగువకు పడిపోయింది. ఆ ఖాళీలో కొంత యంత్రాలు, కొంత కాంట్రాక్టు కార్మికులు వచ్చి చేరారు. "ఉద్యోగ రహిత వృద్ధి" అనే మాటకు నిర్వచనం కంఠస్థం చేయడం కన్నా ఈ ఒక్క ఉదాహరణ చాలు.

దల్లీ రాజ్‌హరా: కొండ మీది కార్మికులు

ఖనిజం తవ్వేది భిలాయ్‌లో కాదు. ఆ శ్రమ దల్లీ రాజ్‌హరాలో జరిగింది. అక్కడ వేలాది మంది కాంట్రాక్టు కార్మికులు, వారిలో ఆదివాసీలు, స్త్రీలు ఎందరో, చేతులతో రాయి కొట్టి లారీలకెత్తేవారు. ప్లాంటు ఉద్యోగికి దక్కిన సౌకర్యాల్లో వాళ్లకు దక్కింది చాలా తక్కువ. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ ఏర్పడింది. ఆ ఏడాది జూన్ మొదటి వారంలోనే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1983 జూన్ 3న అది మొదలైంది. మద్యపాన వ్యతిరేక ఉద్యమం కూడా నడిపారు.

యాంత్రీకరణ మీద వారి వైఖరి పరీక్షకు ముఖ్యం. యంత్రాలే వద్దని వారు అనలేదు. మనుషులను పూర్తిగా తొలగించని పాక్షిక యాంత్రీకరణ నమూనాను ప్రతిపాదించారు. ఉపాధి, ఉత్పాదకత రెండింటినీ కలిపి ఆలోచించిన ప్రయత్నంగా దీన్ని ఉదహరించవచ్చు.

నియోగి తర్వాత భిలాయ్ ప్రైవేటు కర్మాగారాల కాంట్రాక్టు కార్మికుల వైపు వచ్చారు. 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు. 1992 జులై 1న రైలు పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో 16 మంది మరణించారు. దేశంలో ఆర్థిక సంస్కరణలు మొదలైన ఏడాదికే ఇది జరిగింది. సంస్కరణల కాలక్రమం రాసేటప్పుడు ఈ తేదీనీ పక్కన రాసుకోండి.

విశాఖతో పోలిక

ఇప్పుడు మన ఊరికి వద్దాం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో 1966లో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తీరం మీద కట్టిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం అది.

మూడు నగరాలనూ పక్కపక్కన పెట్టండి. వుహాన్‌కు నదీ ఉంది, దాయే ఖనిజమూ ఉంది. భిలాయ్‌కి సొంత గని ఉంది, నీటి దారి లేదు. విశాఖకు సముద్రం ఉంది, సొంత గని లేదు. విశాఖకు ఖనిజం వచ్చేది ప్రధానంగా బైలదిల్లా నుంచి, అంటే ఛత్తీస్‌గఢ్ నుంచే. కిరందుల్–కొత్తవలస రైలు మార్గం 1960ల్లో జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేయడానికి వేసినది. తీరం ఉంటే చాలదని, సొంత గని లేక మార్కెట్ ధరకు ఖనిజం కొనడం విశాఖ ప్లాంటు నష్టాలకు ఒక ముఖ్య కారణమని కార్మిక సంఘాలు ఏళ్లుగా చెబుతున్నాయి. 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ చర్చలో మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. భౌగోళికం తెలియకుండా మాత్రం అభిప్రాయం రాయకండి.

అనుకూలతలు శాశ్వతం కావు

1950ల నుంచి కేంద్రం అమలు చేసిన రవాణా చార్జీల సమీకరణ విధానం వల్ల ఉక్కు దేశమంతా దాదాపు ఒకే ధరకు దొరికేది. దూర ప్రాంతాల్లో పరిశ్రమలు రావాలన్నది ఉద్దేశం. ఫలితంగా ఉక్కు తయారైన చోటికి దగ్గరగా ఉండటం వల్ల కలిగే లాభం తగ్గింది. బొంబాయిలోనూ అదే ధర అయినప్పుడు ఇంజినీరింగ్ పరిశ్రమ దుర్గ్‌కు రావలసిన అవసరం అంతగా ఉండదు. ఉక్కు విషయంలో ఈ విధానం 1990ల మొదట్లో పోయింది. అప్పటికి నాలుగు దశాబ్దాలు గడిచిపోయాయి. ఖనిజాలున్న రాష్ట్రాలు ఎందుకు వెనకబడ్డాయన్న ప్రశ్నకు ఇది సగం జవాబు.

రెండోది గని. దల్లీ రాజ్‌హరాలో మంచి ఖనిజం తరిగిపోతోంది. చూపంతా ఇంకా దక్షిణాన, కాంకేర్, నారాయణ్‌పూర్ జిల్లాల మధ్య ఉన్న రావ్‌ఘాట్ వైపు మళ్లింది. దల్లీ రాజ్‌హరా నుంచి అటు రైలు మార్గాన్ని సాయుధ బలగాల కాపలాతో దశలవారీగా వేస్తూ వచ్చారు. అది అయిదో షెడ్యూల్ ప్రాంతం, దట్టమైన అడవి, ఆదివాసీ గ్రామాలు. 1955లో తొంభైకి పైగా గ్రామాలను అడగకుండా తీసుకున్న భూమికి, నేటి రావ్‌ఘాట్‌కు మధ్య పెసా చట్టం (1996), అటవీ హక్కుల చట్టం (2006) వచ్చాయి. ఈసారి గ్రామసభను నిజంగా అడిగారా, సంతకాలు మాత్రమే తీసుకున్నారా అన్నది రేపు మీరు ఆ జిల్లాలో అధికారిగా ఉంటే మీ బల్ల మీదకు వచ్చే ఫైలు.

మూడోది సామర్థ్యం. 2018 జూన్ 14న ప్రధాని ఆధునికీకరించిన, విస్తరించిన ప్లాంటును జాతికి అంకితం చేశారు. 2016లో ఐఐటీ కూడా వచ్చింది. కోచింగ్ సెంటర్లకు భిలాయ్ పేరు పొందింది. ఉక్కు నగరం పిల్లలను చదివించి బయటికి పంపే నగరంగా మారుతోంది. ఇది అభివృద్ధేనా, లేక ఊళ్లో పని తగ్గిందనడానికి గుర్తా? రెండూ నిజం కావచ్చు.

జవాబులో ఎలా వాడాలి?

పది మార్కుల ప్రశ్నకు: వెబర్ సూత్రం ఒక వాక్యం, టాటాలు దల్లీ రాజ్‌హరాను వదిలేయడం ఒక వాక్యం, రైలు మార్గాలు, సోవియట్ రుణం, చిన్న పటం. చివర "స్థానీకరణను ప్రకృతి ఒక్కటే నిర్ణయించదు, రవాణా చరిత్ర, రాజ్య నిర్ణయం కూడా నిర్ణయిస్తాయి" అని ముగించండి.

పదిహేను మార్కులకు: పై వాటికి భూమి, నీరు, కాంట్రాక్టు శ్రమ, రవాణా చార్జీల సమీకరణ, రావ్‌ఘాట్ జోడించండి. వుహాన్, విశాఖల పోలిక రెండు వాక్యాలు మించనివ్వకండి.

సాధనకు మూడు ప్రశ్నలు ఇస్తున్నాను.

1. "ప్రభుత్వ రంగ ఉక్కు నగరాలు ప్రాంతీయ అసమానతలను తగ్గించాయి, కానీ తమ లోపలే కొత్త అసమానతలను సృష్టించాయి." భిలాయ్ ఉదాహరణతో చర్చించండి.
2. నదీ రవాణా గల ఉక్కు నగరానికి, రైలు మీద ఆధారపడిన ఉక్కు నగరానికి మధ్య తేడాలను వివరించండి.
3. సొంత గనులు లేని తీరప్రాంత ఉక్కు కర్మాగారం ఎదుర్కొనే సమస్యలను విశ్లేషించండి.

మొదటి ప్రశ్నకు 250 పదాల్లో జవాబు రాసి చూడండి. రాసేటప్పుడు ఒక్కటి మరవకండి. జవాబు పత్రంలో "భూసేకరణ" అనేది ఒక పాయింటు, తొంభైకి పైగా గ్రామాలకు అది జీవితం. ఆ తేడా తెలిసిన వారే మంచి జవాబు రాస్తారు. ఉద్యోగం వచ్చాక మంచి అధికారులూ అవుతారు.